పద్నాలుగో నంబరు ఇంటి చెత్తడబ్బా

మా పేట చవకైన పేటని పత్రికలో చూసేదాకా మాకు తెలియదు. అప్పటిదాకా మామూలుగా బతుకుతున్నామనే అనుకున్నాం. ఒక ఆదివారం లండన్ పత్రిక ఒకటి 'తక్కువ ఖర్చుతో హాయిగా బతకదగిన పది శివారు పేటలు' అని పెద్ద జాబితా వేసి, మా మీర్‌ఫోర్డ్‌ని ఏడో స్థానంలో కూర్చోబెట్టింది. మోటార్‌వేకి పదిహేను నిమిషాలట. లండన్‌కి రైల్లో గంటన్నరట. విమానాశ్రయానికి నలభై నిమిషాలట. అంటే మా పేటలో ఉన్న గొప్పతనమంతా ఇక్కణ్ణుంచి ఎంత తొందరగా పారిపోవచ్చు అన్నదే. ఉన్న ఒక్క చేపల వేపుడు కొట్టూ మూతపడిందని, దాని పక్కనే వరసగా మూడు మంగలి షాపులున్నాయని, వాటిలో ఎప్పుడు చూసినా ఒక్కడూ క్షవరం చేయించుకుంటూ కనబడడని ఆ రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఫోటో మాత్రం కాలువలో బాతులది వేశారు. ఆ బాతులు పక్క పేటవి.

ఎదురింటి పాలిన్ మేచిన్ ఆ కాగితం కత్తిరించి పట్టుకొచ్చింది. ఎవరూ ఇవ్వకుండానే మా వీధి పెద్దరికం తీసుకున్న మనిషి పాలిన్. వీధివాళ్ళందరి ఫోన్లనీ కలిపి ఒక గ్రూపు పెట్టి, ఎవరి కుక్క ఎక్కడ ఏం చేసిందో ఫోటోలతో సహా అందులో వేస్తూ ఉంటుంది.

"ఏడో స్థానం, డెరెక్," అంది. "ఆరో స్థానం ఎవరికిచ్చారో చూశావా? ఎక్కడో హల్ దగ్గర పేటట. వాళ్ళు మనకంటే ఏం పొడిచారు?"

"చవకలో పొడిచారేమో," అన్నాను.

నా పేరు డెరెక్ బ్లూర్. ముప్ఫై రెండేళ్ళు పక్కనున్న స్టోక్‌లో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. నాది పన్నెండో నంబరు ఇల్లు. మా వీధిలో ఇళ్ళన్నీ జంట ఇళ్ళు. రెండు కొంపలకి మధ్య గోడ ఒకటే, బయటి గోడలకంతా గులకరాళ్ళ పూత. ఆ మధ్య గోడకి అవతల పద్నాలుగో నంబరులో గ్లెనిస్ ఉంటుంది. ఆమె టోస్టు మాడితే నా వంటింట్లో వాసన వస్తుంది. నేను తుమ్మితే ఆమె అటునుంచి గోడ మీద ఒకసారి తడుతుంది. బడిలో పిల్లలకు వండిపెట్టే ఉద్యోగం ఆమెది. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా అద్దెకుంటోంది.

డొంకతిరుగుడు ఎందుకు, ఇక్కడే చెప్పేస్తాను. నాకు గ్లెనిస్ అంటే ఇష్టం. పదకొండేళ్ళుగా ఇష్టం. నా భార్య షీలా మా స్నానాలగదికి టైల్స్ వేయడానికి వచ్చినవాడితో స్పెయిన్ వెళ్ళిపోయింది. పని సగంలో ఆపేసి పోయాడు వెధవ. మిగతా సగం గ్లెనిస్ వచ్చి నాతో కలిసి అతికించింది. అప్పటికి ఆమె భర్త పోయి రెండేళ్ళు. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని తెల్ల టైలు, నీలం టైలు, తెల్ల టైలు అనుకుంటూ మూడు శనివారాలు గడిపాం. ఆ మూడో శనివారం నుంచి నాకీ జబ్బు పట్టుకుంది.

పువ్వులు ఇచ్చే మొహం కాదు నాది. కాబట్టి చెత్తడబ్బా లాగడం మొదలుపెట్టాను. మా దగ్గర ఇంటికి చక్రాల చెత్తడబ్బాలు మూడు, నల్లది, నీలంది, గోధుమరంగుది. ఏ వారం ఏది ఎత్తుతారో కౌన్సిల్ పంపిన క్యాలెండర్ చూస్తేగాని తెలియదు, చూసినా తెలియదు. అందుకని బుధవారం సాయంత్రం వీధిలో మొదట ఎవడు ఏ డబ్బా బయట పెడితే మిగతావాళ్ళంతా కిటికీలోంచి చూసి అదే పెడతారు. ఆ మొదటివాణ్ణి నేను. నాది పెట్టి, గ్లెనిస్‌ది కూడా పెట్టి, గురువారం మధ్యాహ్నం రెండూ లోపల పెట్టేవాణ్ణి. దానికి బదులుగా శుక్రవారం మా మధ్య పొట్టి గోడ మీద వెండికాగితం చుట్టిన పళ్ళెం ఒకటి ఉండేది. యాపిల్ పుడ్డింగు. ఆదివారాలు ఓట్స్ రొట్టెలు కాలిస్తే నాకు రెండు, లోపల చీజూ పంది మాంసమూ పెట్టి. ఎప్పుడైనా కంచె మీదుగా ఎదురుపడితే ఎండ గురించో వాన గురించో రెండు ముక్కలు మాట్లాడుకుని, చివర్లో నేను "ఒకసారి టీకి రావాలి నువ్వు" అనేవాణ్ణి. ఆమె "అలాగే" అనేది. అంతే. పదకొండేళ్ళు ఇదే తంతు.

పత్రికలో పడిన నెలకి గ్లెనిస్ ఇంటి ఓనరు ముసలాయన పోయాడు. ఆయన కొడుకు ఎక్కడో గల్ఫ్‌లో ఉంటాడు. ఏడో స్థానం సంగతి వాడూ చదివినట్టున్నాడు. తండ్రి అంత్యక్రియల్లో వేసుకున్న కోటు విప్పకముందే ఇల్లు అమ్మకానికి పెట్టాడు. లెక్క తేలికే. ఇల్లు కొని అద్దెకిచ్చుకునేవాడు కొంటే గ్లెనిస్ అక్కడే ఉండొచ్చు. కాపురం చేయడానికి ఎవరైనా కొంటే రెండు నెలల్లో సామాను సర్దుకోవాలి. మీర్‌ఫోర్డ్‌లో ఇంకెక్కడా ఆమె జీతానికి దొరికే అద్దె ఇల్లు లేదు. చవకైన పేట అని పేరు పడ్డాక చవక ఎక్కడుంటుంది?

పాలిన్ అత్యవసర సమావేశం పెట్టింది. అదీ మా వంటింట్లో, నా కుర్చీలో కూర్చుని.

"దిగులు పడ్డానికేం లేదు," అంది. "చూడ్డానికొచ్చిన కాపురాలవాళ్ళు ఈ వీధిని చూసి దడుచుకుని పారిపోవాలి. అద్దెకిచ్చుకునేవాడొచ్చినప్పుడు మాత్రం మనంత బుద్ధిమంతులు ఇంగ్లండ్‌లోనే లేరు. అర్థమైందా?"

"దడిపించడం ఎలా?" అన్నాను.

"షీలా కొన్న ఆ దిక్కుమాలిన సోఫా ఉందిగా. దాన్ని తీసుకెళ్ళి నీ ముందు పచ్చిక మీద పడెయ్. బనీనేసుకుని దాని మీద కూర్చో. పొద్దున్న పదింటికే చేతిలో బీరు డబ్బా పట్టుకో."

"నాకు బీరు పడదు కదా, కడుపుబ్బరం."

"తాగమన్నానా? పట్టుకోమన్నా. సగం పని నీ పొట్టే చేస్తుందిలే."

గ్లెనిస్ తన కప్పులోకి చూస్తూ కూర్చుంది. "నీకు సమ్మతమేనా?" అని పాలిన్ అడిగితే, "మీరింత శ్రమపడుతుంటే వద్దనడానికి నేనెవర్ని," అంది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. "నువ్వేమంటావు డెరెక్? నేనిక్కణ్ణుంచి వెళ్ళిపోతే నీకెలా ఉంటుంది?"

ఇదిగో, నేను నోరు తెరవాల్సింది ఇక్కడ. నాకు మూడు గదులున్నాయి. ఇల్లు నాది, అప్పు కూడా తీరిపోయింది. నువ్వెక్కడికీ వెళ్ళొద్దు, నా దగ్గరికి వచ్చెయ్ అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా.

"చెత్తడబ్బాల వరస చెడిపోతుంది," అన్నాను.

పాలిన్ నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. గ్లెనిస్ మాత్రం లేచి కప్పు కడిగి బోర్లించి ఇంటికెళ్ళిపోయింది.

మొదటి శనివారం ఇద్దరు కవల పిల్లల్ని వేసుకుని ఒక కుటుంబం వస్తోందని కబురు. పొద్దున్నే సోఫా ఈడ్చుకొచ్చాను. పెట్టబోతుంటే గడ్డి కాస్త పెరిగినట్టు కనిపించింది, ముందు కోసేశాను. అలవాటు, ఏం చేస్తాం. పాలిన్ తన మొగుడి పాత కారుకి చక్రాలు పీకి ఇటుకల మీద నిలబెట్టింది. ఆ ఇటుకల్ని ముందు రోజే కడిగి ఆరబెట్టిందట. తర్వాత నా దగ్గరికొచ్చి సోఫా మీద పువ్వుల గుడ్డ ఒకటి పరిచింది.

"ఇదెందుకు?" అన్నాను.

"మరకలు కనబడుతున్నాయి. వచ్చినవాళ్ళు మన గురించి ఏమనుకుంటారు?"

"ఏదో ఒకటి అనుకోవాలనే కదా ఈ వేషాలన్నీ."

"అయితే మాత్రం," అంది పాలిన్, దిండు కూడా సర్దుతూ.

ఆ కుటుంబం కారు దిగింది. తండ్రి నన్ను చూశాడు. నేను బనీనులో, పొట్ట ముందుకు పెట్టి, బీరు డబ్బా పట్టుకుని అతణ్ణి చూశాను. "సారీ," అన్నాడతను. "సారీ," అన్నాను నేను. ఎందుకన్నామో ఇద్దరికీ తెలియదు. పావుగంటలో వాళ్ళు వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. వాళ్ళకి రెండు కార్లున్నాయని, మా వీధిలో ఒక్కటే పడుతుందని వెనక్కి తగ్గారట. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు ఆ మాటే చెప్పింది. పాలిన్ మాత్రం నా పొట్టకే ఆ ఘనతంతా ఇచ్చింది.

రెండో శనివారం మాకు కావలసినవాడే వచ్చాడు. వాల్సల్ నుంచి ఒక పెద్దమనిషి, అప్పటికే తొమ్మిది ఇళ్ళు అద్దెకిచ్చుకుంటున్నవాడు. సోఫాని పెరట్లోకి తోసి, టార్పాలిన్ కప్పి, నేను టై కట్టుకుని నిలబడ్డాను. కారుకి చక్రాలు మళ్ళీ బిగించారు. ఆయన లోపలికెళ్ళి ఇరవై నిమిషాలు ఉన్నాడు. బయటికొచ్చేసరికి మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"గోడలకి చెమ్మట కదా," అన్నాడు నాతో. "ఎలుకలు కూడానట."

నాకు ఒళ్ళు మండింది. ఆ గోడకి ఇవతల ఉన్నది నేను. దానికి రెండుసార్లు కాగితం అంటించినవాణ్ణి. చెమ్మ గోడకి లేదయ్యా, నీ బుర్రకి పట్టిందని అందామనుకున్నాను. "అలాగా. ప్రయాణం జాగ్రత్త," అన్నాను. ఇల్లు కొనడం ఇష్టంలేనివాడు వంక వెతుక్కున్నాడని తేల్చాం. వీధి మొత్తం ఆ పూట వాల్సల్‌ని తిట్టుకుంది. గ్లెనిస్ ఒక్కతే ఏమీ అనలేదు.

మూడో శనివారం లండన్ వాళ్ళొచ్చారు. తోబీ, ఇమోజెన్. ముప్ఫై దాటిన జంట, ఆమెకి ఐదో నెల. ఏజెంటు ఇంకా రాలేదు. నేను యథాప్రకారం సోఫా మీద ప్రతిష్ఠించబడి ఉన్నాను. వాళ్ళని చూడగానే కాళ్ళు బార్లా చాపి, డబ్బా ఎత్తి, చేతనైనంత అసహ్యంగా మొహం పెట్టాను.

"అబ్బ, తోబీ, చూడు," అంది ఇమోజెన్. "వీధిలోనే కూర్చోడానికి సోఫా వేసుకున్నారు. ఇది అందరికీనా అండీ?"

"ఇది... ఆఁ," అన్నాను.

ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది. "నేను కాస్త నడుం వాల్చొచ్చా? రైల్లో నుంచోబెట్టి చంపారు. లండన్‌లో మా పై ఇంట్లో ఎవరుంటారో నాలుగేళ్ళుగా తెలీదండి మాకు. వాళ్ళ చెప్పుల చప్పుడు మాత్రం తెలుసు."

తోబీ ఇటుకల మీదున్న కారు చుట్టూ తిరుగుతున్నాడు. "మీ వీధిలో ఎవరి పనులు వాళ్ళే చేసుకుంటారనుకుంటా. మెకానిక్ దగ్గరికి వెళ్ళే పనే లేదు. ఎంత బావుంది," అన్నాడు.

వీళ్ళని దడిపించడం నా తరం కాదని అర్థమైంది. పాలిన్ ఎదురింటి తెర వెనక నుంచి తేన్చమని సైగ చేస్తోంది. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆపై వాన మొదలైంది. ఇంకొకరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. కడుపుతో ఉన్న పిల్ల వానలో తడుస్తుంటే చూస్తూ కూర్చునే చదువు మాకెవరూ చెప్పలేదు. లేచి లోపలికెళ్ళి గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టాను. బనీనులో తడిసి నాకు వణుకు పుట్టింది.

అప్పుడు గ్లెనిస్ తలుపు తీసింది. "ఎందుకమ్మా అలా తడుస్తారు? లోపలికి రండి. కెటిల్ పెట్టాను," అంది.

వద్దు వద్దని కళ్ళతో ఎంత సైగ చేశానో నాకే తెలుసు. ఆమె చూసింది. చూసి కూడా తలుపు బార్లా తీసింది.

గంటా పది నిమిషాలు ఉన్నారు లోపల. మధ్యలో ఏజెంటు వచ్చి తనూ ఒక కప్పు తాగి పోయింది. గోడ ఇవతల నుంచి నాకు మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత చాలాసేపు గ్లెనిస్ గొంతు ఒక్కటే, చిన్నగా. మాటలు అందలేదు. వెళ్ళేటప్పుడు ఇమోజెన్ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఎందుకో ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "మిమ్మల్ని చూడ్డం చాలా సంతోషంగా ఉందండి," అంది.

"మీరు తప్పకుండా ఒకసారి టీకి రావాలి," అన్నాను.

నోటికొచ్చేసింది. మా వాళ్ళు ఈ మాటని ఇక బయల్దేరండి అని చెప్పడానికి వాడతారు. ఎప్పుడో, ఏ రోజో ఎవరూ చెప్పరు. విన్నవాళ్ళు అడగరు, రారు. మర్యాద అంటే అదే. కానీ అప్పుడు నేను చేయాల్సింది మర్యాద కాదు.

"బెదిరించరా నాయనా అంటే టీకి పిలుస్తావా?" అంది పాలిన్ ఆ సాయంత్రం. గ్రూపులో కూడా అదే వేసింది, నా బనీను ఫోటోతో సహా.

లండన్ వాళ్ళు ఇల్లు కొనేశారు.

ఆ తర్వాత రెండు నెలలూ నేను ఏం చేశానని అడగకండి. స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి రోజూ వల్లెవేశాను. 'గ్లెనిస్, వెనక గది ఖాళీగా ఉంది' అని ఒకసారి, 'గ్లెనిస్, నీకభ్యంతరం లేకపోతే' అని ఒకసారి. నీలం టైళ్ళు, తెల్ల టైళ్ళు విన్నాయి. గోడకి అవతల ఉన్న మనిషికి చెప్పడానికి మాత్రం నాకు గుండె చాలలేదు. కాదంటే ఆ తర్వాత డబ్బా ఎలా పెట్టను? అదీ నా భయం. ఉన్న కాస్త కూడా పోతుందేమోనని, మొత్తం పోతుంటే చూస్తూ ఉన్నాను.

ఆమె బుధవారం వెళ్ళింది. క్రూ అనే ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి. చెల్లెలి మొగుడు వ్యాను తెచ్చాడు. పెట్టెలన్నీ నేనే మోశాను. అన్నీ ఎక్కించాక గ్లెనిస్ గేటు దగ్గరకొచ్చి నిలబడింది.

"సరే మరి, డెరెక్."

"సరే మరి, గ్లెనిస్."

ఆమె కదల్లేదు. వ్యాను ఇంజను తిరుగుతోంది. "ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది.

"కెటిల్ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"మంచిది," అన్నాను. ఇంకా నిలబడే ఉంది. "ఒకసారి టీకి రావాలి నువ్వు," అన్నాను.

గ్లెనిస్ నా మొహంలోకి చూసి, "అలాగే," అని వ్యాను ఎక్కింది. పెదాలు నవ్వాయి గాని మనిషి నవ్వలేదు.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ పద్నాలుగో నంబరు డబ్బా కూడా లాగాను. ఖాళీది, దడదడమంటూ వచ్చింది. ఆ చప్పుడుకి నాకు ఏడుపొచ్చింది. కళ్ళు మసకేసి నల్లదానికి బదులు నీలంది పెట్టినట్టున్నాను. నన్ను చూసి వీధి వీధంతా నీలమే పెట్టింది. గురువారం ఎవరి చెత్తా ఎత్తలేదు. పాలిన్ గ్రూపులో నన్ను మూడు రోజులు ఉతికింది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

లండన్ వాళ్ళు సామానుతో దిగి మూడు వారాలైంది. ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి తలుపు కొట్టారు. తోబీ చేతిలో నిమ్మకాయ కేకు. ఇమోజెన్ చేతిలో ఉత్తరాల కట్ట.

"టీకి రమ్మన్నారుగా," అన్నాడు తోబీ. "ముందే వద్దామనుకున్నాం, కుదర్లేదు."

నా జన్మలో ఆ మాట నమ్మి వచ్చినవాళ్ళని చూడటం అదే మొదలు. లోపలికి రమ్మని కెటిల్ పెట్టాను. మూడు కప్పులు తీశాను. ఇమోజెన్ వాటిని చూసి, తర్వాత మెట్ల వైపు చూసింది.

"గ్లెనిస్ గారు బయటికెళ్ళారా? ఆవిడ ఉత్తరాలు తెచ్చాం. నిమ్మకాయ కేకంటే ఇష్టమని ఆ రోజు చెప్పారు."

"గ్లెనిస్ క్రూలో ఉంది. చెల్లెలింట్లో," అన్నాను.

"చూసి రావడానికా?"

"కాదమ్మా. ఉండిపోవడానికి."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఇమోజెన్, మనకెందుకు," అన్నాడు తోబీ.

"ఎందుకో నేను చెప్తా ఉండు," అందామె. ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. "ఆ రోజు మేం ఇల్లొద్దన్నామండి. ఒకావిడని ఖాళీ చేయించి ఆ ఇంట్లో పిల్లని పెంచడం మాకు నచ్చలేదు. ఆవిడే కొనమని పట్టుబట్టింది. అంతకుముందు అద్దెకిచ్చుకునే ఆయనొకడు వస్తే, గోడలకి చెమ్మ, ఎలుకలు అని అబద్ధం చెప్పి తనే పంపించేసిందట."

నాకు కెటిల్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. చెమ్మట కదా, అన్నాడా వాల్సల్ మనిషి. ఎలుకలు కూడానట, అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కతే మనిషి. ఎవరు చెప్పారో ఆలోచించడానికి నాకు బుర్రుంటేగా.

"ఎందుకలా చేసింది?" అన్నాను.

"మేమూ అదే అడిగాం," అంది ఇమోజెన్. "ఆవిడ ఏమందంటే, 'నేనీ ఇంట్లో ఉన్నంతకాలం ఆ మనిషి బుధవారం నా డబ్బా బయట పెడతాడు, గురువారం లోపల పెడతాడు. మాట మాత్రం బయట పెట్టడు. ఇల్లు పోతేనన్నా నోరు తెరుస్తాడేమో చూస్తా. నాకు యాభై ఎనిమిదేళ్ళమ్మా, ఇంకా ఎన్ని బుధవారాలు చూడమంటావు?' అంది. అందుకే మేం ఒప్పుకున్నాం. మీరిద్దరూ ఇక్కడే, ఈ పక్కనే ఉంటారనుకున్నాం."

సిగ్గుతో చచ్చిపోయాను. నేను సోఫాలు మోసి, బనీనేసుకుని, వీధిలో కోతిలా కూర్చున్నదంతా ఆమెని ఇంట్లో ఉంచడానికి. ఆమె ఆ ఇల్లు చేజేతులా పోగొట్టుకున్నది నా ఒక్క మాట కోసం. గేటు దగ్గర ఇంకేమన్నా ఉందా అని అడిగింది. కెటిల్ పెట్టుకున్నావా అన్నాను.

"మీరు కూర్చోండి," అన్నాను వాళ్ళతో. "చక్కెర ఆ అలమరలో ఉంది. వెళ్ళేటప్పుడు తలుపు లాగండి చాలు." కోటు వేసుకుని ఉత్తరాల కట్ట తీసుకున్నాను.

"ఇప్పుడేనా?" అన్నాడు తోబీ. "కేకన్నా కొయ్యలేదు."

"ఆదివారం బస్సులు నీకు తెలియవు బాబూ," అన్నాను.

మీర్‌ఫోర్డ్ నుంచి క్రూకి ఆదివారం పూట బస్సులో వెళ్ళడం కన్నా నడవడం నయం. ముప్ఫై రెండేళ్ళు ఆ కంపెనీలోనే పనిచేసినవాణ్ణి, నేను చెప్తున్నాను. వానలో మూడు బస్సులు మారాను, ఒకటి నా కళ్ళ ముందే పోయింది. ఆ చెల్లెలి వీధికి చేరేసరికి ఆరున్నర. అది కూడా మా వీధిలాగే ఉంది. అవే జంట ఇళ్ళు, అవే గులకరాళ్ళు, అవే తెరలు. ఏ జాబితాలోనూ పడలేదు పాపం. వాళ్ళకి చెత్త సోమవారం ఎత్తుతారులా ఉంది, వరసగా అందరి గుమ్మాల ముందూ నల్ల డబ్బాలు. ఒక్క ఇంటి ముందు మాత్రం ఒకావిడ నీలం డబ్బాతో కుస్తీ పడుతోంది.

"అది కాదు, గ్లెనిస్. ఈ వారం నల్లది," అన్నాను.

ఆమె తిరిగి చూసింది. "నాకేం తెలుసు," అంది. "పదకొండేళ్ళుగా నేను డబ్బా ముట్టుకుంటేగా."

"నీ ఉత్తరాలు తెచ్చాను."

"పోస్టులో పడేస్తే వచ్చేవిగా."

"వాన ఆగింది," అన్నాను.

"ఆగింది," అంది.

మళ్ళీ అదే దారిలో పడుతున్నానని నాకు తెలుస్తోంది. ఎండా, వానా, ఆపైన అలాగే అనేసి వెనక్కి మూడు బస్సులు.

"టీకి రమ్మన్నాను కదా. రాలేదేం?" అన్నాను.

"ఏ రోజో చెప్పావా?" అంది గ్లెనిస్. గొంతులో కోపం ఉంది, నేనెప్పుడూ వినని కోపం. "పదకొండేళ్ళుగా రావాలి, రావాలి అంటున్నావు. ఒక్కసారన్నా ఏ రోజో చెప్పావా డెరెక్?"

"రోజూ," అన్నాను.

"ఏంటి?"

"రోజూ రా. వచ్చాక వెళ్ళకు. వెనక గది గురించి కాదు నేననేది, అది ఉంటే ఉండనీ. నాకు నువ్వు కావాలి. నువ్వంటే నాకు ఇష్టం, గ్లెనిస్. ఆ టైళ్ళప్పటి నుంచీ."

ఆమె డబ్బా మూత మీద చేయి పెట్టుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, ఇంటి ముందు గది కిటికీ వైపు తల ఊపింది. అక్కడ తెర కాస్త పక్కకి జరిగి ఉంది.

"మా చెల్లికి వినబడి ఉండదు. గట్టిగా చెప్పు."

"వీధిలోనా?"

"బనీనుతో వీధిలో కూర్చున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

చెప్పాను. బస్సులో వెనక సీట్లవాళ్ళకి వినబడేలా స్టాపు పేరు ఎలా అరిచేవాణ్ణో, అలా చెప్పాను. క్రూలో ఆ వీధి పొడుగునా తెరలు కదిలాయి. పదో నంబరు ఇంటివాడెవడో తలుపు తీసి, నన్ను చూసి, "సారీ," అని మళ్ళీ వేసుకున్నాడు.

"సరే," అంది గ్లెనిస్. "కోటు తెచ్చుకుంటా. ఈలోగా ఆ నీలంది లోపల పెట్టి నల్లది బయటపెట్టు."

పెట్టాను.